ఈలకు వచ్చు నక్క

తెలుగునాట నక్క యనగానే చిన్ననాటి కథలలోని జిత్తులమారి స్మృతికి వచ్చును. సందెవేళ పొలిమేరలో ఊళపెట్టు జంతువది. దానికంటె చిన్నదై, బొరియలలో కాపురముండు గుంటనక్క వేరొకటి. ఈ రెండును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశములో రక్షణ పొందినవి. వానిని చంపుట నేరము. గుంటనక్క ఎలుకలను, పురుగులను, రేగుపండ్లను తిని బ్రతుకునదగుటచే రైతునకు దానివలన మేలే యెక్కువ. ఇపుడు మేము చెప్పబోవు నక్క ఈ రెండింటిలో ఏదియు కాదు. అది ఐరోపానుండి ఆస్ట్రేలియాకు కొనిపోబడిన ఎఱ్ఱనక్క. దానిని పట్టపగలు ఈలతో పిలిచి రైఫిలుతో కాల్చు పద్ధతి ఆ దేశపు గొఱ్ఱెల రైతులలో చిరకాలముగ నున్నది. మన బిడ్డలు అనేకులు మెల్‌బోర్న్, సిడ్నీ నగరములలో స్థిరపడియున్నారు. ఆ నగరములు దాటిన పిమ్మట కనబడు పచ్చికబయళ్ళలో రైతు పడు పాటు ఎట్టిదో తెలిసికొనుట వినువారికి అప్రస్తుతము కాదని తలచుచున్నాము.

నక్క ఆ ఖండమున పుట్టినది కాదు. గుఱ్ఱములెక్కి, కుక్కలను ముందు విడిచి నక్కను తరుముట ఇంగ్లండులో ఆనాటి కలవారి వినోదముగ నుండెడిది. అచటినుండి వలస వచ్చినవారు ఆ వినోదమును మరువజాలక 19వ శతాబ్దిలో విక్టోరియా ప్రాంతమునకు నక్కలను తెప్పించి విడిచిరి. 1870 ప్రాంతమునకు అవి అచట వేరూనినవి. అంతకు ముందే, 1859లో, థామస్ ఆస్టిన్ అను భూస్వామి జీలాంగ్ సమీపమున తన ఎస్టేటులో వేటకొఱకు కుందేళ్ళను విడిచియుండెను. కుందేలు పోయిన త్రోవనే నక్కయు పోయినది. 20వ శతాబ్ది తొలి దశాబ్దులలోనే అది పశ్చిమ ఆస్ట్రేలియాను చేరినది. నేడు ఉష్ణమండలమైన ఉత్తరపు కొన దక్క ఆ ఖండమంతటను నక్కలున్నవి. ఐరోపావారు వచ్చిన పిదప ఆ దేశమున ముప్పదికి పైగా క్షీరద జాతులు నశించినవి. అందుకు పెంపుడు పిల్లి సంతతియు, ఈ నక్కయు ముఖ్యకారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎవరి వినోదమునకో తెచ్చినది ఎవరి కొంపకో చేటు తెచ్చినది.

ఇక గొఱ్ఱెల మాట. మన గొల్లలు, కురుమలు పగలెల్ల మంద వెంట నడచి, రాత్రి మంద ప్రక్కనే పండుకొందురు. చేత కఱ్ఱ, వెంట కుక్క యుండును. నిదురలోను మెలకువ యుండును. ఆస్ట్రేలియాలో వేలకొలది గొఱ్ఱెలు కంచె వేసిన పొలములలో కాపరి లేకయే మేయును. ఈనుటయు ఆ బయలునందే. దక్షిణ భాగములందలి అనేక క్షేత్రములలో ఈతలు చలికాలమునను, వసంతమునను, అనగా జూన్ మొదలు సెప్టెంబరు వఱకు సాగును. పుట్టి ఒకటి రెండు దినములైన పిల్ల నక్కకు సులభముగ చిక్కును. కవలలు పుట్టినపుడు తల్లి ఒకదానిని నాకుచుండగా రెండవదానిని నక్క ఎత్తుకొనిపోవును.

అయితే చచ్చిన ప్రతి పిల్లను నక్క ఖాతాలో వ్రాయరాదు. చలికి, ఆకలికి, కష్టప్రసవమునకు, తల్లి విడనాడుటకు చచ్చునవే చాల క్షేత్రములలో హెచ్చు. నక్క అనేక పర్యాయములు చచ్చినదానిని తినుటకు వచ్చినదే. దీనిని తేల్చుటకు చక్కని పరీక్ష యున్నది. చచ్చిన పిల్ల చర్మమును ఒలిచి చూడవలెను. పంటిగాట్ల చుట్టును కండలో రక్తము కమిలియున్నచో కఱచునాటికి పిల్ల బ్రతికియున్నదన్నమాట. గాట్లున్నను కమిలిన రక్తము లేనిచో అది ముందే చచ్చినది. ఊపిరితిత్తుల ముక్క నీటిలో మునిగినచో పిల్ల ఊపిరియే పీల్చలేదు. గిట్టల అడుగున పుట్టుకతో నుండు మెత్తనిపొర అరుగకున్నచో అది లేచి నడువలేదు. కడుపులో పాలు లేక, మూత్రపిండముల చుట్టునున్న క్రొవ్వు కరిగిపోయినచో ఆకలి చంపినది. ఈ నాలుగు చూడక తుపాకి తీసికొను రైతు తల్లులకు మేత చాలని లోపమును నక్కపై మోపుచున్నాడని మా అభిప్రాయము.

నేరము నక్కదే యని తేలినదనుకొందము. ఏ పొలములో పిల్లలు పోవుచున్నవో ఆ పొలమునకు వచ్చు నక్కనే పట్టుకొనుటకు ఈల మంచి సాధనము. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములోని టెంటర్‌ఫీల్డ్ పట్టణము పేర ప్రసిద్ధమైన ఈల యొకటి కలదు. చూచుటకు అందులో ఏమియు లేదు. పలుచని లోహపు రేకు రెండుగ మడచి, మడతకు అడ్డముగ చిల్లు పొడిచినదే. పూర్వము రైతులు డబ్బామూత కత్తిరించి ఇంటనే చేసికొనెడివారు. దానిని పెదవులకు పండ్లకు నడుమ నిలిపి, ఊపిరిని లోనికి లాగవలెను. అపుడు వచ్చు కీచుధ్వని వలలో చిక్కిన కుందేలు ఆర్తనాదమును పోలియుండును. నాలుక కదలికతో ఆ ధ్వనిని హెచ్చించి తగ్గించి, నడుమ ఆపి, మరల మూలుగునట్లు చేయుట అభ్యాసముచే వచ్చును. పరదేశమునుండి వచ్చిన నక్కను పిలుచుటకు పరదేశమునుండి వచ్చిన కుందేలి గొంతే పనికివచ్చుట వింతయే.

ఈల ఊదుటకంటె కూర్చుండు తావును ఎన్నుకొనుటయే కష్టము. నక్కకు చూపుకన్న చెవి, చెవికన్న ముక్కు నమ్మకమైనవి. ధ్వని వినగానే అది తిన్నగ పరుగెత్తి రావచ్చును. కాని అనుభవము గల నక్క చుట్టు తిరిగి, గాలివాలునకు చేరి, వాసన పట్టిన పిదపనే దగ్గరకు వచ్చును. కాబట్టి గాలి మోమునకుగాని ప్రక్కకుగాని తగులునట్లు కూర్చుండి, గాలివాలు వైపున మరుగు లేని బయలుండునట్లు చూచుకొనవలెను. చెట్టుబోదెకో బండకో వీపు ఆనించి, సూర్యుని వెనుక నుంచుకొని, నీడలో కూర్చుండిన మనిషి కదలనంతవఱకు నక్కకు మనిషిగ తోపడు. చేయి పైకెత్తెనా, పని ముగిసినదన్నమాటయే. ఉదయము ప్రొద్దు పొడిచిన తరువాత రెండుగంటలు, సాయంకాలము ప్రొద్దు వాలు వేళ, మబ్బుపట్టి గాలి మందగించిన దినములు అనుకూలములు. ఒకచోట పది పదునైదు నిమిషములు పిలిచి, రానిచో అరకిలోమీటరు దూరము పోయి మరల పిలుతురు. ఒకమాఱు ఈల విని, మనిషిని చూచి తప్పించుకొన్న నక్కకు ఆ ధ్వని జ్ఞాపకముండును. దానిని అదే ఈలతో రెండవమాఱు రప్పించుట దుస్తరము. అందుచేత గురి కుదురనపుడు కాల్చకుండుటయే లాభము.

రాత్రివేళ దీపము వేసి కాల్చు పద్ధతియు అచట నున్నది. అందులో ఎక్కువ నక్కలు చిక్కవచ్చును. కాని పగటిపూటకు ఒక గొప్ప సుగుణమున్నది: నక్క వెనుక నేమున్నదో కనబడును. గొఱ్ఱెయా, పొరుగువాని ఇల్లా, రాకపోకలున్న త్రోవయా, రైతు చూచుకొనవచ్చును. రైఫిలు గుండు గురి తప్పినచో కిలోమీటర్ల దూరము పోగలదు. దానిని ఆపుటకు వెనుక మట్టిదిబ్బ ఉండితీరవలెను. దిగంతమున గట్టుపై నిలిచిన నక్కను బుద్ధిగలవాడు కాల్చడు. నక్క బరువు సామాన్యముగ నాలుగునుండి ఎనిమిది కిలోలు మాత్రమే. బొచ్చు మూలమున పెద్దదిగ కనబడునుగాని గుండె యున్న తావు పిడికిలి యంతయే. 222, 223 అను క్యాలిబరు రైఫిలుతో, నూఱు మీటర్ల లోపల, అది నిలిచినపుడు ఱొమ్మున కొట్టినచో బాధలేక కూలును. పరుగెత్తుచున్నదానిని కాల్చి గాయపఱచుట క్రూరమే గాక నిష్ప్రయోజనము. 1996లో పోర్ట్ ఆర్థర్ నందు జరిగిన ఘోరహత్యాకాండ తరువాత ఆ దేశమున తుపాకి చట్టములు కఠినమైనవి. లైసెన్సు, అందులకు తగిన కారణము లేక తుపాకి ఉంచుకొనుట చెల్లదు. పంటకు మందకు చేటు చేయు జంతువుల అదుపు అట్టి కారణములలో నొకటి.

ఇంత చెప్పితిమి గదా, ఈలతో నక్కల బెడద తీరునా యనినచో, తీరదు. వేసవి చివర, శరత్కాలమున ఈలకు వచ్చునవి చాలవఱకు ఆ ఏటి కూనలు, తల్లిని విడచి కొత్త తావు వెదకుకొనునవి. ఒకటి కూలిన చోటికి మఱొకటి వచ్చును. మనలో ఎవనికైన లాభము కలిసివచ్చినచో నక్కతోక త్రొక్కి వచ్చినాడందుము. 2002లో విక్టోరియా ప్రభుత్వము ఆ సామెతను నిజము చేసినట్లు ఒక్కొక్క తోకకు 10 డాలర్ల బహుమానము ప్రకటించినది. తోకలు కుప్పలుగ వచ్చినవి. కాని పిదప పరిశీలింపగా రాష్ట్రములో అత్యల్పభాగమున దక్క నక్కల సంఖ్య తగ్గిన జాడ కానరాలేదు. వేటగాడు నక్కలు సులభముగ దొఱకు చోటికే పోవును. గొఱ్ఱెలు ఈనుచున్న చోటికి పోవలెనను నియమము లేదు. చచ్చిన నక్కలను లెక్కించుటకంటె బ్రతికిన గొఱ్ఱెపిల్లలను లెక్కించుట ఉత్తమమని అప్పటినుండి పలువురు చెప్పుచున్నారు. ఫిలిప్ ద్వీపమున మాత్రము విషము కలిపిన ఎరలు, బోనులు, కుక్కలు, తుపాకి అన్నియు ఏండ్ల తరబడి కలిపి ప్రయోగింపగా 2017లో నక్కలు లేవని ప్రకటింపగలిగిరి. అది ద్వీపమగుటచే సాధ్యమైనది.

కంచెలు మాత్రమే సరిహద్దులుగ గల పెద్దనేలపై ఒక్క రైతు పాటు చాలదు. ఇరుగుపొరుగు క్షేత్రములవారందఱు ఒకే వారమున ఎరలు పెట్టినచో కొన్ని మాసములు నక్కలు పలుచబడును. ఆ ఎరలలోని విషము సోడియం ఫ్లోరోఎసిటేట్. 1080 అను అంకెతో దానిని పిలుతురు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కలలో అది సహజముగ నుండుటచే అచటి దేశీయ జంతువులు కొంతవఱకు దానిని ఓర్చుకొనును. నక్కయు కుక్కయు ఓర్వలేవు. రైతు కుక్కకు గూడ అది మృత్యువే. ఇండ్లు, కుక్కలు దగ్గరగ నున్న పొలములలో ఈలకును రైఫిలునకును విలువ హెచ్చుట ఇందువలననే. గొఱ్ఱెలతో కలిసి పెరిగి, వానిని తనవారిగ నెంచు ఇటలీ దేశపు మారెమ్మా జాతి కుక్కలను కాపుంచు రైతులును కొందఱున్నారు. అది మన గొల్లవారి కుక్కకు దూరపు చుట్టమే.

కాలనిర్ణయములో నొక చిక్కున్నది. ఆడనక్క జూలై ప్రాంతమున జోడు కట్టి, యాభై దినములు దాటిన పిదప ఆగస్టు, సెప్టెంబరులలో నాలుగైదు కూనలను కనును. గొఱ్ఱెపిల్లలపై దాని కన్ను మిక్కుటముగ పడు కాలమును అదే. అప్పుడు దానిని కాల్చినచో బొరియలోని కూనలు ఆకలితో మలమల మాడి చచ్చును. కనుక తెలిసిన రైతు ఈతలకు నెలన్నర ముందుగనే, ఏప్రిల్, మే మాసములలో, ఎరల పనిని పొరుగువారితో కలిసి ముగించి, మిగిలిన నక్కలకై ఈల పట్టుకొని కూర్చుండును. సెప్టెంబరులో పాలిచ్చు ఆడనక్కను కాల్చవలసియే వచ్చినచో, బొరియను వెదకి కూనలకు బాధ లేకుండ చూడవలసినవాడును అతడే. ఆ బొరియ అనేక పర్యాయములు కంచెకు ఆవల, పొరుగువాని నేలలో నుండును.