ఱాతిపై నిలిచిన జమాఖర్చు



గ్రీసు దేశపు ఏజియను సముద్రమున డీలోసు అను చిన్నదీవి కలదు. అది అపోలో దేవుని జన్మస్థానమని ప్రాచీనుల విశ్వాసము. క్రీ.పూ. 426 శీతకాలమున ఏథెన్సువారు అచ్చటి సమాధులను తొలగించి, ఆ నేలపై జననమరణములు రెండును కూడదని శాసించిరి. నేటికిని యాత్రికునకు అచ్చట రాత్రి బస లేదు. మికొనోసు రేవున పడవ యెక్కి, ఒక పూట చూచి మరలవలసినదే.

తనకై మార్గదర్శిని కుదుర్చుకొన్నవాడు చలువరాతి సింహములను, 1925 ప్రాంతమున మలేరియా భయముచే ఎండగట్టిన పవిత్రసరస్సును చూచును. ఆలయపు జమాఖర్చులను గూర్చియు అతడు అడిగి తెలిసికొనవలెను. క్రీ.పూ. 3వ శతాబ్దమున ఆలయాధికారులు భూముల కౌలు, నూటికి పది వడ్డీకిచ్చిన అప్పులు, పనివాండ్ర కూలి, కట్టెల వెల, దేవుని సొమ్ముల పట్టిక, సర్వమును ఏటేట ఱాతిపలకలపై చెక్కించిరి. 1873 నుండి ఫ్రెంచి పండితులు జరిపిన త్రవ్వకములలో అవి యనేకములు బయల్పడినవి.

అంతకు పూర్వము ఆ దీవియందే గ్రీకు పురముల ఉమ్మడి ధనాగారముండెను. క్రీ.పూ. 454లో దానిని ఏథెన్సునకు తరలించిరి. మిత్రుల ధనముతో ఆ నగరము తన్ను తాను అలంకరించుకొనెనని నాడే నింద పుట్టెను. క్రీ.పూ. 88లో మిథ్రిడేటీసు రాజు సేనలు దీవిని కొల్లగొట్టెను. సొమ్ము పోయినది; పదిమంది కంటబడునట్లు చెక్కిన లెక్క నిలిచినది. ఊరుమ్మడి సొమ్మునకు తాళముకంటె తెరచిన పద్దే మేలైన కావలియని ఆ పూటయాత్రికుడు గ్రహించి మరలును.