ఫోన్‌లోనే స్టెయిన్డ్ గ్లాస్ పాలపిట్ట: తోటలో వేలాడే బొమ్మని డిజైన్ చేద్దాం రండి

ఈరోజు ఎపిసోడ్‌లో తోటలోనో, బాల్కనీలోనో, పూలకుండీల పైనో వేలాడదీసుకునే రంగుల గాజు బొమ్మని డిజైన్ చేద్దాం. కంప్యూటర్ లేకపోయినా పర్లేదు, ఫోన్‌లో ఐబిస్ పెయింట్ ఉంటే చాలు. బొమ్మ ఏంటంటే, మన రాష్ట్ర పక్షి పాలపిట్ట.

ముందే ఒక మాట చెప్తా. నల్ల గీతలు గీసి మధ్యలో రంగులు పోసేస్తే స్క్రీన్ మీద ఏ బొమ్మైనా స్టెయిన్డ్ గ్లాస్ లాగే కనిపిస్తుంది. కానీ అదే డిజైన్‌ని గాజు కోసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తే, "ఇది కుదరదు" అనేస్తారు. చూడ్డానికి బాగుండే బొమ్మ వేరు, కట్టడానికి వచ్చే బొమ్మ వేరు. మన ఊళ్లలో ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేసే కుర్రాళ్లకి సాఫ్ట్‌వేర్ బాగానే వచ్చు. ఆ చేత్తోనే ఇంకో పని కూడా చేయాలంటే ఈ తేడా తెలియాలి. ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

అసలు స్టెయిన్డ్ గ్లాస్ అంటే ఏంటి? రంగు గాజుని ముక్కలుగా కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య సీసం పట్టీ పెట్టి అతుకుతారు. ఇంకో పద్ధతిలో ప్రతి ముక్క అంచుకీ సన్నటి రాగి టేపు చుట్టి, దాని మీద సోల్డరింగ్ చేస్తారు. చిన్న బొమ్మలకి ఇదే సులువు. గాజుకి రంగు ఎక్కడిదంటే, కరిగించేటప్పుడు కలిపే లోహాల వల్ల వస్తుంది. కోబాల్ట్ కలిపితే ముదురు నీలం, బంగారం చాలా కొద్దిగా కలిపితే ఎరుపు.

మన తెలంగాణలో ఇది చూడాలంటే మెదక్ చర్చికి వెళ్లాలి. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన కట్టడం అది. అక్కడ ఏసుక్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చూపించే మూడు పెద్ద గాజు కిటికీలు ఉన్నాయి. ఒక తమాషా ఏంటంటే, పగటిపూట బయట నిలబడి చూస్తే ఆ కిటికీలు నల్లగా, మామూలుగా ఉంటాయి. లోపలికి వెళ్తేనే రంగులు వెలుగుతాయి. అంటే ఈ బొమ్మకి సగం ప్రాణం వెనకనుంచి వచ్చే వెలుతురే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరే, ఐబిస్ పెయింట్ ఓపెన్ చెయ్యండి. 2400 బై 2400 పిక్సెల్స్ కాన్వాస్ తీసుకోండి. 300 డీపీఐలో ప్రింట్ తీస్తే సరిగ్గా 8 అంగుళాలు వస్తుంది. అంటే 1 మిల్లీమీటర్‌కి దాదాపు 12 పిక్సెల్స్. సోల్డర్ గీత 3 మిల్లీమీటర్లు ఉండాలనుకుంటే బ్రష్ సైజ్ 35 పెట్టుకోండి. ఇలా లెక్క ప్రకారం వెళ్తే స్క్రీన్ మీద బొమ్మే రేపు చేతిలోకి వస్తుంది.

ఇప్పుడు స్కెచ్. పాలపిట్ట కొమ్మ మీద ముడుచుకుని కూర్చుంటే సాదాగా, గోధుమ రంగులో కనిపిస్తుంది. రెక్క విప్పిందంటే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా మెరుస్తాయి. దసరా రోజు దాన్ని చూడాలని మనవాళ్లు పొలాల వెంట తిరిగేది ఊరికే కాదు. కాబట్టి రెక్కలు విప్పిన పిట్టనే గీయండి. స్టెబిలైజర్ ఆన్ చేస్తే వేలితో గీసినా గీత వణకదు. మొత్తం 20, 25 ముక్కలు దాటకండి.

ఇప్పుడు అసలు రూల్స్. నాలుగే.

ఒకటి, ఏ గీతా గాల్లో ఆగిపోకూడదు. ఇంకో గీతనో, అంచునో తాకాలి. గాజు మీద కోత ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్తుంది, మధ్యలో ఆగదు.

రెండు, ఎల్ ఆకారం ముక్క వద్దు. లోపలి మూల దగ్గర పగులుతుంది. బాగా లోపలికి వంగిన ఒంపు కూడా అంతే. అలాంటి చోట ఇంకో గీత గీసి రెండు ముక్కలు చెయ్యండి.

మూడు, బొటనవేలి గోరు కంటే చిన్న ముక్క వద్దు. కంటికి గాజు ముక్క పెట్టకుండా చిన్న నల్ల చుక్క చాలు.

నాలుగు, బొమ్మకి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తిన్నని గీత ఉండకూడదు. తలుపు బందు దగ్గర మడతపడ్డట్టు బొమ్మ అక్కడ మడతపడుతుంది.

గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో బకెట్ టూల్ చెప్తుంది. గీతల లేయర్ కింద కొత్త లేయర్ తీసుకుని, ఒక్కో గడిలో రంగు పోయండి. ఒక్క ట్యాప్‌కి రెండు గడులు నిండాయా? అక్కడ గీత తెగింది. చాలామంది ఆ రంగుని ఎరేజర్‌తో సర్దేస్తారు. అలా చెయ్యకండి. వెనక్కి వెళ్లి గీతే కలపండి. సాఫ్ట్‌వేర్‌లో రంగు కారిన చోటే రేపు గాజు కోసేవాడి చెయ్యి ఆగుతుంది.

ఇక మెదక్ కిటికీ సంగతి ఇక్కడ పనికొస్తుంది. మీ ఇంటి మొక్కల ఫోటో ఒకటి అన్నిటికన్నా కింద లేయర్‌లో పెట్టండి. గాజు పారదర్శకంగా కనిపించాలని అందరూ ఒపాసిటీ తగ్గిస్తారు. అప్పుడు రంగు పాలిపోయి, పాలిథిన్ కవర్ లాగా అయిపోతుంది. దాని బదులు రంగుల లేయర్‌ని మల్టిప్లై మోడ్‌లో పెట్టండి. నిజం గాజు వెలుతురు నుంచి కొన్ని రంగులు మింగేసి మిగతాది వదులుతుంది. మల్టిప్లై చేసే లెక్క కూడా దాదాపు అదే. వెనక ఆకాశం ఉన్నచోట నీలం వెలుగుతుంది, చెట్టు నీడ ఉన్నచోట ముదురుతుంది. బొమ్మ వెనక అంతా చీకటిగా ఉంటే మాత్రం ఏ రంగూ తేలదు. కాబట్టి ఫోటో ఎండలో తీయండి. మన దగ్గర ఎండకేం కొదవ?

చివరగా నీడ. రంగుల లేయర్‌కి కాపీ తీసి, నేల మీదికి వాల్చి, కొంచెం బ్లర్ చేసి, దాన్ని కూడా మల్టిప్లైలో పెట్టండి. గాజు నీడ రంగుల్లో పడుతుంది, గీతల నీడ మాత్రం నల్లగానే పడుతుంది. ఈ ఒక్కటి చేస్తే బొమ్మ ఫోటో మీద అతికించినట్టు కాకుండా అక్కడే వేలాడుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు దీన్ని ఏం చేసుకోవచ్చు? గీతల లేయర్ ఒక్కటే ప్రింట్ తీసి, దాని మీద పారదర్శకమైన ఓహెచ్‌పీ షీట్ పెట్టి, బ్లాక్ లైనర్‌తో గీసి, గ్లాస్ కలర్స్ నింపండి. ఇది నేర్చుకునేవాళ్లకి. వానకీ ఎండకీ తట్టుకోదు, వరండాలో వేలాడదీయండి. లేజర్ కటింగ్‌తో అక్రిలిక్ ముక్కలు చేయించాలంటే వెక్టర్ ఫైల్ కావాలి. కంప్యూటర్‌లో ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ట్రేస్ బిట్‌మ్యాప్ వాడండి. అసలు గాజుతోనే చేయించాలంటే ప్రతి ముక్కకీ నంబర్ వేసి, పక్కన రంగు పేరు రాసి ఇవ్వండి. నంబర్లు లేని డిజైన్ కేవలం బొమ్మ. నంబర్లు ఉన్న డిజైన్ పని చేసేవాడికి అర్థమయ్యే ప్లాన్.

ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మని దింపుకుని మీ పేరు వేసుకోకండి. ఆ నెమళ్లూ సీతాకోకచిలుకలూ వేలమంది దగ్గర ఉన్నాయి. మన గట్టు మీద వాలే పిట్టని మనం చూసి గీస్తే అది మనది.

ఈ వారం హోంవర్క్: తంగేడు పువ్వు. అయిదు రేకులు, పసుపు గాజు. రేకుల మధ్య సందుల్లో గాజు ఎలా కోస్తారో మీరే ఆలోచించండి. అక్కడే రెండో రూల్ అడ్డం వస్తుంది. దాన్ని ఎలా దాటాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి!