సీటు దొరికాక

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలి. ఇందుకు వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. సీటు సరే, చదువు మాటేమిటి? పాఠాన్ని స్కాన్ చేసి ఇస్తే, ఆ పేజీ కంప్యూటర్‌కు ఒట్టి బొమ్మ. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని ఉన్నదున్నట్టు చదవలేదు. అదే పాఠం యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే చూపులేని విద్యార్థి హాయిగా వింటాడు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, కాస్త శ్రద్ధ చాలు. గేటు దగ్గర ర్యాంపు కట్టి, లిఫ్టు లేని మూడో అంతస్తులో క్లాసులు పెట్టే కాలేజీలను ఏమనాలి! పరీక్షలో రాసిపెట్టే సహాయకుణ్ని, వైకల్యం 40 శాతం లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. విద్యార్థులారా, చేరిన రోజే మీ అవసరాలు కాలేజీకి రాసివ్వండి. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి.