ఖాఫ్ అక్షరము వఱకు

హుకుము, హాకిము, హకీము: ఈ మూడు మాటలును నిజాము రాజ్యమున కచేరీలలోను వీథులలోను వినబడినవే. ఒకటి ఆజ్ఞ, ఒకటి అధికారి, ఒకటి వైద్యుడు. మూడింటికిని మూలము మూడు హల్లుల అరబ్బీ ధాతు వొక్కటే. హీబ్రూలో అదే ధాతువునుండి వివేకి యనునర్థముగల మాట పుట్టినది. సెమిటిక్ భాషల కట్టడ మిట్టిది. కనుక అరబ్బీ ధాతువులను చక్కగా వివరించు నిఘంటువు సోదరభాషలకును దీపము వంటిది.

అట్టి నిఘంటువును ఆంగ్లమున కూర్చినవాడు ఎడ్వర్డ్ విలియం లేన్. 1801లో ఇంగ్లండున జన్మించి, బొమ్మల అచ్చులు చెక్కు పని నేర్చిన ఈతడు 1825లో ఈజిప్టునకు పోయి అరబ్బీ భాషకు వశుడయ్యెను. నిఘంటువు కొఱకే 1842లో మరల కైరో చేరి, ఏడేండ్లుండి, షేక్ ఇబ్రాహీం దసూఖీ యను పండితుని తోడ్పాటుతో వ్రాతప్రతులను పరిశీలించెను. అతనికి ముఖ్యాధారము 'తాజుల్ అరూస్' అను మహాకోశము. దానిని రచించిన ముర్తజా జబీదీ 1732లో మన దేశమందలి బిల్‌గ్రాములో పుట్టినవాడని తెలిసినపుడు మనకు సంతోషము కలుగక మానదు.

మే మీ సంపుటములను తెఱచినపుడెల్ల ఒక గుణము మమ్ము నిలువరించును. ప్రతి యర్థమునకును అది ఏ ప్రాచీనుడు చెప్పినదో గుర్తు కలదు. లేన్ తాను చేర్చిన మాటను చదరపు కుండలీకరణములలో వేఱుగా నుంచెను. పరుల సొమ్మును తనదిగా జెప్పుకొనని నిజాయితీ యిది.

మొదటి భాగము 1863లో గాని వెలువడలేదు. ధనసహాయము చేయుచుండిన నార్తంబర్లండు ప్రభువు 1865లో మరణింపగా, ఆయన భార్య దానిని కొనసాగించెను. 1876లో లేన్ కన్నుమూయునప్పటికి 28 అక్షరములలో 21వదియగు 'ఖాఫ్' వఱకే పని సాగినది. చెల్లెలి మనుమడు స్టాన్లీ లేన్‌పూల్ మిగిలిన కాగితములను సవరించి 1893 నాటికి ముద్రణము ముగించెను. కాని ఆ కడపటి పుటలు పలుచనివి. పెక్కు మాటలకు వివరణము చాలదు.

ఇంతటి జీవితకాలపు శ్రమ అసంపూర్ణమై పోయినదని చింతింపవలెనా? 1957లో జర్మను విద్వాంసులు ప్రాచీన అరబ్బీకి క్రొత్త నిఘంటువును ప్రకటింప మొదలిడిరి. వారు తొలి అక్షరమగు అలిఫ్‌తో ఆరంభింపలేదు. ఖాఫ్ తరువాతి 'కాఫ్'తో ఆరంభించిరి. లేన్ చేసిన భాగమును మరల చేయ నక్కఱలేదని వారు తలచిరి. నిఘంటుకర్తకు ఇంతకంటె గొప్ప సన్మానము మే మెఱుగము.