రెండవసారి చూచినప్పుడు

చూచిన చలనచిత్రమునే మరల చూచువారిని చూచి నవ్వువారు కొందరు కలరు. కథ తెలిసిన పిమ్మట ఇంక చూచుటకేమి మిగిలినదని వారి ప్రశ్న. మొన్నమొన్నటి వరకు నేనును ఆ నవ్వువారిలో ఒకడనే. అందును యంత్రములు, ప్రేలుళ్లు, వెంటాడుటలు నిండిన చిత్రమైనచో ఒక్కసారి చూచుటయే అధికమని నా తలంపు. ఆ తలంపు తప్పని నాకు తెలియజేసిన చిత్రమొకటి కలదు. దానినిగూర్చియే ఈ కొద్ది నిమిషములు మీతో ముచ్చటింపదలచితిని.

ఆ చిత్రము పేరు 'టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే'. జేమ్స్ కామెరాన్ దర్శకత్వమున తయారై 1991 జూలై 3వ తేదీన అమెరికాలో విడుదలయ్యెను. దీని మొదటి భాగము 1984లో మిక్కిలి స్వల్పవ్యయముతో తీసినది. ఈ రెండవ దానికి మాత్రము సుమారు పది కోట్ల డాలర్లు ఖర్చయినవి. దృశ్య చమత్కృతికి, శబ్దగ్రహణమునకు, శబ్ద సంకలనమునకు, వేషాలంకరణకు మొత్తము నాలుగు ఆస్కారు బహుమతులు దీనికి లభించినవి.

కథ నాలుగు మాటలలో చెప్పవచ్చును. రాబోవు కాలమున యంత్రములకును మానవులకును యుద్ధము జరుగును. మానవులకు నాయకుడు జాన్ కానర్. అతనిని గెలువలేక యంత్రములు, అతడింకను పసివాడుగా నున్న కాలమునకు ఒక హంతకుని పంపును. మానవులును తమ వంతుగా ఒక రక్షకుని పంపుదురు. ఇరువురును యంత్రములే. మొదటి భాగములో జాన్ తల్లియైన సారాను చంపవచ్చినది ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ధరించిన యంత్రపాత్ర. రెండవ భాగములో అదే ముఖముతో వచ్చినది ఆమె కుమారుని రక్షకుడు. హంతకుడు మరియొకడు. వాని దేహము ద్రవలోహము. వాడు కోరిన రూపము తాల్పగల కామరూపి.

నేనీ చిత్రమును మొదటిసారి చూచునాటికి మేము ఏలూరులో ఉండెడివారము. మా అబ్బాయికి అప్పుడు పదునొకండేండ్లు. నెల దినములుగా వాడు బ్రతిమాలుచుండగా ఒక ఆదివారము మ్యాట్నీకి తీసికొని పోయితిని. వాడు కన్నార్పక చూచుచుండెను. నేను గడియారము చూచుకొనుచుంటిని. చివరి ఘట్టము నడచుచుండగనే, ద్వారము కడ త్రొక్కిడి యగునని వాని చేయి పట్టుకొని లేవదీసితిని. వాడు తెరవైపు తల త్రిప్పి చూచుచునే నా వెంట నడచెను. రిక్షాలో "ఎలా ఉంది నాన్నా?" అని అడిగెను. "ఇనుప సామాను కొట్టు కూలినట్టుంది" అంటిని. వాడు మరి మాటలాడలేదు.

ఇటీవల, విదేశమున ఉద్యోగము చేయుచున్న ఆ కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చి, ఒక రాత్రి తన కుమారునకు ఈ చిత్రమును టెలివిజనులో చూపించుచుండెను. నాకు నిద్రపట్టక వచ్చి వారి ప్రక్కన కూర్చుంటిని. కథ తెలిసినదే గనుక ఏమి జరుగునో అను ఆత్రము లేదు. ఆ ఆత్రము లేకపోవుటచేతనే కాబోలు, చిత్రము నాకు కనబడసాగెను.

మొట్టమొదట ఆ ప్రారంభమును చూడుడు. భవిష్యత్తు నుండి ఇరువురు వచ్చిరి. ఒకడు మోటారు సైకిలు రౌడీల తోలుదుస్తులను లాగికొని తొడుగుకొనెను. రెండవవాడు ఒక పోలీసును పడగొట్టి ఆ వేషము ధరించెను. వీరిలో రక్షకుడెవడో, హంతకుడెవడో చిత్రము చాలసేపటి వరకు చెప్పదు. పోలీసు వేషమువాడు బాలుని పెంపుడు తల్లిదండ్రుల యింటికి పోయి మర్యాదగా మాటలాడి బాలుని పటము పుచ్చుకొని పోవును. తోలుదుస్తులవాడు గులాబీపూల పెట్టెలో తుపాకి దాచుకొని తిరుగును. వేషమును బట్టి మనము ఎవరిని నమ్ముదుము? చివరకు అంగళ్ల సముదాయములోని ఇరుకు నడవలో బాలుడు ఇరువురికి నడుమ చిక్కును. పూలు నేలరాలి రక్షకుని పాదము క్రింద నలుగును. తుపాకి పైకి లేచును. నిజము అప్పుడు తెలియును.

ఈ రహస్యమును ప్రకటనలు ముందే బయట పెట్టుటచేత ఆనాడే పెక్కుమంది తెలిసియే చూచిరి. ఐనను తెలిసి చూచుటలో వేరొక రుచి కలదు. తెలియనివానికి అది ఒక్క క్షణపు ఆశ్చర్యము. తెలిసినవానికి, తన రక్షకుని చూచి తానే పారిపోవుచున్న పసివానిపై ఎడతెగని జాలి.

ఇట్టిదే మరియొక ఘట్టము. హంతకుడు పెంపుడు తల్లి రూపమున ఉండి, టెలిఫోనులో ఆమె గొంతుతో బాలుని ఇంటికి రమ్మని పిలుచును. ఆమె ఎన్నడును ఇంత ప్రేమగా మాటలాడదే అని బాలునికి వింతగా తోచును. మొదటిసారి నేను దీనిని తెలివైన చమత్కారముగా మాత్రమే గ్రహించితిని. ప్రేమగా పలికినచో అనుమానింపవలసి వచ్చిన బాలుని బ్రదుకు ఎట్టిదో ఇప్పుడు తెలిసినది.

కామరూపి యనగా మనకు క్రొత్త కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రమున ఘటోత్కచుడు శశిరేఖ రూపము తాల్చగా, సావిత్రి ఆ కోమలమైన ఆకారములో రాక్షసుని నడకను, హుంకారమును చూపి మెప్పించినది. లోపలనున్నది ఎవరో మనకు తెలియును గనుకనే ఆ నటన ఎన్నిసార్లు చూచినను తనివి తీరదు. టెర్మినేటర్ చిత్రములో కామరూపిగా నటించిన రాబర్ట్ పాట్రిక్ పని అంతకు తలక్రిందులు. పరుగెత్తినను ఆయాసము లేదు, తుపాకి పేల్చినను కనురెప్ప వాలదు, కోపము లేదు, తొందర లేదు. మొదటిసారి దానిని చేతగాని నటన యనుకొంటిని. అది ఎంత అభ్యాసముచే వచ్చినదో రెండవసారి తెలిసెను. రెండుంబావు గంటల చిత్రములో కంప్యూటరు సృష్టించిన దృశ్యములు అయిదు నిమిషములకు మించవందురు. తక్కినది చాలవరకు స్టాన్ విన్‌స్టన్ శిల్పశాలలోని బొమ్మల వలనను, వేషాలంకరణ వలనను, నటుల దేహశ్రమ వలనను సాధించినదే. తుది ఘట్టమున సారా వలెనే మరియొక సారా కనబడుటకు, ఆ పాత్రధారిణి లిండా హామిల్టన్ కవల సోదరినే తెచ్చి నిలిపిరి.

సారా పాత్రనే నేను మొదట బొత్తిగా అర్థము చేసికొనలేదు. రాబోవు ప్రళయమును చెప్పినందున ఆమెను పిచ్చాసుపత్రిలో బంధించిరి. కేకలు వేయు కటువైన స్త్రీగా ఆమె నాకు కనబడినది. కథ తెలిసిన పిదప చూడగా, ఆ ఆసుపత్రిలో తెలివి యున్నది ఆమె ఒక్కతెకే. తప్పించుకొని పారిపోవుచుండగా లిఫ్టు తలుపు తెరచుకొని రక్షకుడు వెలుపలికి వచ్చును. ఆమె నేలపై పడి వెనుకకు వెనుకకు ప్రాకును. ఇది అతి యనిపించినది నాడు. అప్పటికి నేను 1984 నాటి చిత్రము చూడలేదు. ఆ ముఖమే ఒకనాడు తన్ను వేటాడినది. ఆ ముఖమే తన బిడ్డ తండ్రి చావునకు కారణమైనది. అట్టి ముఖము మరల ఎదురుపడినప్పుడు ఆమె అంతకంటె వేరుగా ఎట్లుండగలదు?

ఈ చిత్రపు వెన్నెముక ఒక చిత్రమైన మార్పిడి. యంత్రము బాలునివలన చంపరాదని నేర్చుకొనును. మనుష్యులు ఎందుకు కన్నీరు పెట్టుదురని అడుగును. ఆ వైపు సారా, యంత్రముల పుట్టుకకు కారణము కాబోవు డైసన్ అను పరిశోధకుని చంప బయలుదేరును. ముఖమున ఏ భావమును లేక, తుపాకి చాచి, అడుగులో అడుగు వేసికొనుచు ఆ యింట ప్రవేశించును. మొదటి చిత్రములో యంత్రము నడచిన నడక అదియే. భార్యాబిడ్డల యెదుట అతనిని చంపలేక ఆమె కూలబడి యేడ్చినప్పుడు మరల మనిషి యగును. ఇవన్నియు ప్రేలుళ్ల నడుమనే ఉన్నవి. నేను చప్పుడే విని, ఇవి వినలేదు.

కథ తెలిసినచో రసము పోవునను మాటను మనవారెన్నడును నమ్మలేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు ఆడునాడు, కృష్ణుని రాయబారము ఫలింపదని తెలియనివాడు పందిరిలో ఒక్కడును లేడు. ఐనను తెల్లవారుజాము వరకు కూర్చుండి, పాడిన పద్యమునే మరల పాడుమని "వన్స్ మోర్" అని కేకలు వేసిరి. రాయబారము ఫలింపదని తెలిసి వినుటచేతనే కృష్ణుని ప్రతి మాటయు గుండెకు తగులును. ఏమి జరుగునో అను కుతూహలము మనలను కథ వెంట పరుగెత్తించును. పరుగెత్తువానికి దారి ప్రక్కల చెట్లు కనబడవు.

అన్ని చిత్రములును ఈ రెండవ చూపునకు నిలుచునని నేననను. కుతూహలము చచ్చినతోడనే చచ్చునవియే ఎక్కువ. ఈ చిత్రమునందును లోపములు లేకపోలేదు. కాలము వెనుకకు పోవుటలోని తర్కము గట్టిగా విచారించినచో నిలువదు. హింసయు మితము మీరినది. ఇందులో ప్రళయదినముగా చెప్పిన 1997 ఆగస్టు 29 వచ్చినది, పోయినది. ఏమియు జరుగలేదు. ఆ భయము తీరిన పిదపను చిత్రములోని రసము తీరిపోలేదు. అదియే దాని బలము.

ఇక నేను ఆ రాత్రి చూచిన మరియొక దృశ్యము చెప్పి ముగించెదను. ఎడారిలో ఒక పాడుబడిన చోట యంత్రమును బాలుడును ఏదో మరమ్మతు చేయుచు, చేతులు చరచుకొని ఆడుకొనుచుందురు. సారా దూరము నుండి చూచుచు తనలో తాననుకొనును. ఇన్నేండ్లలో తన బిడ్డకు తండ్రిగా ఉండవచ్చిన మగవారందరిలోను, ఆ పనికి తగినది ఈ యంత్రము ఒక్కటే యని. అది వానిని కొట్టదు, విడిచిపోదు, వానితో గడపుటకు తీరిక లేదనదు. ఆమె మాటలు వినబడుచుండగా, నా ప్రక్కన చీకటిలో మా అబ్బాయి పెదవులు మెల్లగా కదలుచుండుట చూచితిని. ఆ మాటలు వానికి కంఠస్థము.

నేను బిడ్డపై చేయి చేసికొన్నవాడను కాను. విడిచిపోయినవాడనును కాను. కాని తీరిక లేదను మాట మాత్రము నాదే. ఆ దినము సినిమాహాలులో ఈ దృశ్యము వచ్చినప్పుడు నేను గడియారము చూచుకొనుచుంటినని నాకు బాగుగా జ్ఞాపకము.

చివరి ఘట్టమును నేను చూచుట అదే మొదటిసారి. తన తలలోని యంత్రభాగము మిగిలినచో మరల కీడు పుట్టునని, రక్షకుడు తన్ను కరగిన ఉక్కులోనికి దింపుమని అడుగును. తనంతట తాను నశించుటకు దానికి వీలులేదు. బాలుడు వలదని యేడ్చును. ఒకప్పుడు ఆ ముఖమును చూచి నేలపై ప్రాకిన సారాయే దానితో చేయి కలిపి మెల్లగా క్రిందికి దింపును. ఈ ఘట్టము నుండియే ఒక పిల్లవానిని నేను చేయి పట్టి లేవదీసికొని పోయితిని.

చిత్రము ముగిసి పేర్లు రాసాగెను. మనుమడు నిద్రలోనికి జారుచుండెను. మా అబ్బాయి టెలివిజను ఆర్పుటకు లేచెను. "ఉండనీరా, పేర్లన్నీ పోనీ" అంటిని. వాడు నా వంక ఒకసారి చూచి మరల కూర్చుండెను. చివరి పేరు పోవువరకు ఇరువురమును లేవలేదు.