ఫోను అడ్డం తిప్పితే పాఠం ఎటు పోయింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నీ పని గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

2020లో బడులు మూతపడ్డాయి. పదో తరగతి పిల్లలకు సప్తగిరి ఛానల్లో విద్యామృతం పాఠాలు వచ్చేవి. మిగతా చదువు చాలామందికి ఫోనులోనే. అప్పట్లో హైదరాబాదులో మేము పాఠాల యాప్ ఒకటి తయారుచేశాం. అందులో వీడియో భాగం నాది. నందిగామలో మా అక్క కూతురు ఆ యాప్‌లోనే చదువుకునేది. ఇంట్లో ఉన్నది మా బావ ఫోను ఒక్కటే. ఆయన పొద్దున బస్సెక్కి జగ్గయ్యపేట పనికి వెళ్తే ఫోనూ వెళ్ళిపోయేది. ఆ లోపల అమ్మాయికి దక్కేది ఒక గంట.

ఒకరోజు తను నాతో అంది: "మామయ్యా, బోర్డు మీద లెక్క కనబడక ఫోను అడ్డం తిప్పితే పాఠం మళ్ళీ మొదటికొస్తోంది. వెతుక్కునేసరికి నాన్న టైమైపోతోంది."

లెక్కల మాస్టారు ఎదురుగా ఉన్నారు కాబట్టి చిన్న లెక్క. 16:9 తెర ఉన్న ఫోనును నిలువుగా పట్టుకుంటే, అదే కొలతలో తీసిన వీడియో తెరలో మూడో వంతు కూడా నింపదు. తిప్పడం పిల్ల సరదా కాదు, అవసరం. మేము మాత్రం ఫోనును స్టాండులో అడ్డంగా పెట్టి పరీక్షించాం. పాఠం మధ్యలో ఎవరమూ తిప్పి చూడలేదు.

అసలు జరిగేది ఇది. ఫోను తిప్పగానే ఆండ్రాయిడ్ మామూలుగా ఆ తెరను తీసేసి, కొత్త కొలతలకు మళ్ళీ కడుతుంది. పీరియడ్ అవగానే నల్లబల్ల తుడిచేసినట్టు. నోట్సులోకి ఎక్కించుకోనిది పోయినట్టే. నేను వీడియో ప్లేయర్‌ను ఆ తెరతోనే ముడిపెట్టాను. తెరతోపాటు అదీ పోయేది, పాఠం సున్నా నుంచి మొదలయ్యేది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి నోట్సు రాసుకోవడం. వీడియో ఎన్నో సెకనులో ఉంది, నడుస్తోందా ఆగి ఉందా అన్నది, తెర పోయినా నిలిచే వ్యూమోడల్‌లో దాచాలి. వెనక ఉన్న యాప్‌ను సిస్టమ్ మూసేసే సందర్భం కోసం సేవ్డ్ స్టేట్‌లో కూడా ఉంచాలి. రెండోది, "తెర తుడవొద్దు, నేనే సర్దుకుంటాను" అని మానిఫెస్ట్‌లో ముందే చెప్పడం. నేను తొందరపడి రెండోది పట్టుకుని 'ఓరియంటేషన్' అని ఒక్కమాట రాశాను. ఏమీ మారలేదు. ఆండ్రాయిడ్ 3.2 నుంచి, తిప్పితే తెర కొలత కూడా మారినట్టే లెక్క. 'స్క్రీన్ సైజ్' అనీ రాయాలి. ఆ ఒక్కమాటకు ఒక రాత్రి పట్టింది. చివరికి రెండూ చేశాను.

తర్వాత ఫుల్ స్క్రీన్ బటన్ ఏడిపించింది. నొక్కగానే తెరను అడ్డం చేసి, వెంటనే సెన్సర్‌కు అప్పగిస్తే, ఫోను ఇంకా నిలువుగానే ఉంది కనుక తెర మళ్ళీ నిలువుకు తిరిగేది. అసలు అప్పగించకపోతే పాఠం అయిపోయినా అడ్డంగానే ఉండిపోయేది. చేతిలో ఫోను నిజంగా అడ్డం తిరిగేదాకా ఆగి, అప్పుడు అప్పగించాలి. ఆటో రొటేట్ ఆపుకున్నవాళ్ళ తెరను మాత్రం, వాళ్ళు బటన్ నొక్కితే తప్ప తిప్పకూడదు. పడుకుని చూసేవాళ్ళు ఉంటారు కదా!

సరిచేసిన యాప్‌ను మొదట పంపింది మా మేనకోడలికే. పాఠం మధ్యలో నాలుగుసార్లు తిప్పి, "ఆగిన చోటే ఉంది మామయ్యా" అంది. నా ఉద్యోగంలో అంతకు మించిన మెప్పు నాకు గుర్తులేదు.

మన గురువులు కొత్త పాఠం మొదలుపెట్టే ముందు "నిన్న ఎక్కడ ఆపాం?" అని అడిగేవారు. చివరి బెంచీ నుంచి జవాబు వచ్చేదాకా ఆగేవారు. నేను యాప్‌లో రాయడం మరిచిపోయిన ప్రశ్న అదే.

మనలో ఎవరైనా బడి పిల్లల కోసం వీడియో పాఠాలు చేస్తే నాదొక్క మనవి. విడుదలకు ముందు, ఇంట్లో అందరూ వాడే ఒక పాత ఫోను తీసుకుని, పాఠం మధ్యలో తిప్పి చూడండి.