కడుపు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత షుగర్: పెరిగినా తంటానే, పడిపోయినా తంటానే

ఇంట్లో నాన్నకో అమ్మమ్మకో కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయితే హాస్పిటల్‌లో పక్కన కూర్చునేది ఎక్కువగా మనమే. నర్సు వచ్చి వేలికి సూది గుచ్చి "షుగర్ 170" అని రాసుకుని వెళ్తారు. ఇక మనకు టెన్షన్ మొదలు. ఆ నంబర్‌ని ఎలా చూడాలో ఇవాళ మాట్లాడుకుందాం.

షుగర్ జబ్బు లేనివాళ్లకి కూడా పెద్ద ఆపరేషన్ తర్వాత షుగర్ పెరగొచ్చు. ఆ దెబ్బకి ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ ఎక్కువగా విడుదలవుతాయి. అవి లివర్ నుంచి గ్లూకోజ్‌ని రక్తంలోకి పంపిస్తాయి, ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. షుగర్ బాగా ఎక్కువై అలాగే ఉండిపోతే తెల్ల రక్తకణాలు సరిగా పోరాడలేవు. ఇన్ఫెక్షన్ రిస్క్ పెరుగుతుంది, గాయం మానడం లేటవుతుంది.

మరి ఇన్సులిన్ ఇచ్చి పూర్తిగా నార్మల్‌కి దించేస్తే? 2009లో నైస్-షుగర్ అనే పెద్ద స్టడీ వచ్చింది. రకరకాల జబ్బులతో ఐసీయూలో ఉన్న 6 వేల మందికి పైగా పేషెంట్ల మీద చేశారు. ఒక గ్రూపులో షుగర్ 81-108 మధ్య ఉంచాలని చూశారు, ఇంకో గ్రూపులో 180 దాటకుండా చూశారు. 90 రోజుల్లో చనిపోయినవాళ్లు మొదటి గ్రూపులో 27.5 శాతం, రెండో గ్రూపులో 24.9 శాతం. అంటే టైట్‌గా బిగించినచోటే ఎక్కువ! అందుకే హాస్పిటల్‌లో 170 చూసి కంగారు పడక్కర్లేదు.

ఇంటికొచ్చాక అసలు కథ. కడుపు తీసేసినవాళ్లకి తిన్నది గబగబా పేగులోకి దిగిపోతుంది. షుగర్ ఒక్కసారిగా ఎక్కుతుంది, దానికి ఇన్సులిన్ కూడా ఎక్కువగా వస్తుంది. తిన్న 1 నుంచి 3 గంటల్లో షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. దీన్నే లేట్ డంపింగ్ అంటారు. మనమేమో "పాపం, నీరసం" అని రోజంతా జ్యూసులు, గ్లూకోజ్ నీళ్లు తాగిస్తాం. ఆ తీపితో మళ్లీ అదే గోల.

అందుకే ముందు మిషన్‌తో చెక్ చేయండి. 70 కన్నా తక్కువుంటే 3 టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. పెరిగాక గుడ్డో పెరుగో కొంచెం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి కాల్ చేయండి.

రోజూ అయితే 6 సార్లు కొంచెం కొంచెంగా తినిపించండి. నీళ్లు అన్నంతోపాటు వద్దు, అరగంట గ్యాప్ ఇవ్వండి. ముందునుంచే షుగర్ మందులు వాడేవాళ్లకి ఇప్పుడు తిండి తగ్గింది, బరువు తగ్గింది కాబట్టి పాత డోసు ఎక్కువైపోవచ్చు. మీరే మార్చకండి, డాక్టర్‌ని అడగండి.

ఫోన్ నోట్స్‌లో నంబర్ ఒక్కటే కాదు, ఏం తిన్నారు, ఎన్ని గంటలకి తిన్నారు అన్నది కూడా రాయండి. డాక్టర్‌కి అదే కావాలి. ఇంట్లో పేషెంట్‌ని చూసుకుంటున్న మీ ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం.